పదిహేడు ఇళ్ళ పెరుగు

మూడేళ్ళు నేను నిద్రపోలేదు. ఈ మాట అంటే మా ఆయన "మొన్న టీవీ ముందు గురక పెట్టావు కదా" అంటాడు. అది నిద్ర కాదు మహానుభావా, సొమ్మసిల్లడం. మంచం మీద వాలిన గంటకల్లా మెడ వెనక సెగ మొదలవుతుంది. అక్కణ్ణించి చెవులు, మాడు, వీపు. జాకెట్టు పిండితే నీళ్ళు కారేంత చెమట, ఆ వెంటనే వణుకు. తెల్లారితే ఎవరు పలకరించినా కరిచెయ్యాలనిపిస్తుంది. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇదంతా మామూలేనని నాకు పుస్తకాల్లో ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన ఒళ్ళు ఊరుకుంటుందా?

నా పేరు హైమవతి, యాభై రెండేళ్ళు. కాకినాడలో ఒక పరిశోధనశాలలో సూక్ష్మజీవుల్ని పెంచే గది నా చేతికింద ఉండేది. ఉంటున్నది సామర్లకోటలో, రైస్‌మిల్లు వీధిలో, ఒక మేడ పైభాగంలో. పొద్దున్న రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో దిగేదాన్ని.

మా డాక్టర్ షహనాజ్‌కి నలభై కూడా నిండలేదు కానీ నా సంగతి నాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది. ఒకరోజు నేను చల్లగది తలుపు తెరిచి, అందులో తల పెట్టి నిలబడి ఉంటే వెనకనుంచి వచ్చి, "మొదటి మనిషి మీరే అవుతారా హైమగారూ?" అంది.

ఆవిడ నాలుగేళ్ళుగా కుస్తీ పడుతున్నది ఒక పెరుగు మీద. పాలని పెరుగు చేసే సూక్ష్మజీవికి ఆవిడ కొత్త విద్య నేర్పింది. అది పేగులో కాపురం పెడుతుంది. ఒంట్లో ఆడ హార్మోను తగ్గినప్పుడు పుట్టే ఒక సంకేతాన్ని పసిగట్టి, ఎంత తగ్గిందో అంతే తయారుచేసి పెడుతుంది. ఏ కృత్రిమ మందో కాదు, అండాశయం జన్మంతా చేసిన ఆ పదార్థమే, అచ్చంగా. పరీక్ష పళ్ళెంలో వేస్తే నీలంగా మెరుస్తుందని మేం దానికి నీలి అని పేరు పెట్టుకున్నాం.

"మాత్రలిస్తే మన ఆడవాళ్ళు పదోరోజుకి మర్చిపోతారు. పెరుగన్నం మర్చిపోరు," అనేది షహనాజ్.

జాగ్రత్తలు లేకపోలేదు. ఆ సంకేతం మగవాళ్ళలో, పిల్లల్లో ఉండదు కాబట్టి వాళ్ళలో నీలి పడుకునే ఉంటుంది. హార్మోను సరిగ్గా ఉన్న ఆడవాళ్ళలోనూ అంతేనని మా నమ్మకం. అదీగాక, నీలి బతకడానికి కావలసిన ఒక పోషకం మేమిచ్చే పొట్లంలోనే ఉంటుంది. దాంతో తోడుపెట్టిన పెరుగులోంచి తీసి మళ్ళీ తోడుపెడితే మూడోసారికి నీలి చచ్చిపోతుంది. అందుకే వారానికో కొత్త పొట్లం. వేరే గిన్నె, వేరే గరిటె, ఇంకెవరికీ పెట్టకూడదు, మిగిలింది మరిగించి పారబొయ్యాలి. ఈ నియమాలు కాగితం మీద రాసింది నేనే. కింద సంతకం కూడా నాదే.

పంతొమ్మిదో రోజున నిద్రపోయాను. తెల్లారి ఏడున్నరకి లేచాను. మా ఆయన కంగారుపడి రెండుసార్లు నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాట్ట. మొహం కడుక్కుంటుంటే పాడాలనిపించింది. మూడేళ్ళుగా నా ఒంట్లో ఎవరో పరాయి మనిషి కాపురం చేసి ఆ పొద్దున ఖాళీ చేసి పోయినట్టుంది.

సరిగ్గా ఆ పొద్దునే కింద వాటాలో ఉండే నీరజ గ్లాసు పట్టుకుని వచ్చింది.

"అక్కగారూ, మా పిల్లి పెరుగు గిన్నె బోర్లేసేసిందండి. అంచుల్ని పట్టుకున్నది గీకితే చెంచాడు కూడా రాలేదు. కాస్త తోడు ఇస్తారా?"

తోడు అడిగితే లేదనడం మా అమ్మ నాకు నేర్పలేదు. మా వీధిలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు. ఇంట్లో మామూలు పెరుగు ముందురోజే అయిపోయింది, ఉన్నది నా గిన్నె ఒక్కటే. నేను మర్చిపోయి ఇవ్వలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి. నాకు గుర్తుంది. గరిటె చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను కూడా. పడుచుపిల్ల, ఈమెకి లోటేముంది, నీలి నిద్ర కూడా లేవదు, లేచినా మూడో తోడుకి చస్తుంది అనుకున్నాను. నిద్రపోయి లేచిన సంతోషం ఒకటి. ఒక గరిటెడు వేసేశాను.

తరవాత ఎనిమిది నెలలు నేను బంగారంలా బతికాను. లాబులో నలభైమంది మీద పరీక్ష మొదలైంది. అనపర్తి నుంచి వచ్చే స్కూలు టీచరు ఒకావిడ షహనాజ్ చేతులు పట్టుకుని, "మా పిల్లలు నన్ను చూసి భయపడ్డం మానేసేరమ్మా," అని ఏడ్చింది. నేను రైల్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చేపోయే ఊళ్ళు చూసేదాన్ని. ఎవర్నీ కరవాలనిపించేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం నీరజ ఒక ఫైలు పట్టుకుని మేడమీదకి వచ్చింది. ఆమెకి ముప్పై ఎనిమిది. పెళ్ళయి పదకొండేళ్ళు. పిల్లల కోసం వాళ్ళు చూడని డాక్టరు లేడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం తినలేదంది. నేను ముందు కంచంలో ఇంత అన్నం పెట్టి పెరుగు కలిపి చేతికిచ్చాను. మా ఇంట్లో నా గిన్నె, మా ఆయన గిన్నె అనే తేడా చాన్నాళ్ళ కిందటే పోయింది. ఆమె తింటుంటే ఫైలు తెరిచాను.

"నాకు నెలసరి ఆగిపోయి ఎనిమిది నెల్లండి. మొదటి నెల నిలిచిందేమోనని సంబరపడ్డాం. కాదన్నారు. ఇప్పుడు అండం విడుదల అవ్వట్లేదంటన్నారు, రిపోర్టులు ఒకదానికోటి పొంతన లేవంటన్నారు. ఇంక ఆలస్యం వద్దు, వేరే ఆవిడ అండం తీసుకుందాం, గురువారం వచ్చి సంతకాలు పెట్టండన్నారు. మీరు లాబులో చేస్తారు కదా, ఇందులో ఏముందో నాకు అర్థమయ్యేలా చెప్పండి," అంది. కంచం కింద పెట్టి, "మా అత్తగారు నాకు తన వయసు ముందే వచ్చేసిందని అందరికీ చెప్తన్నారండి," అంది.

ఎనిమిది నెలల రక్తపరీక్షలు. ఆడదాని ఒంట్లో ఆ అంకె నెలంతా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. నీరజది మొదటి కాగితంనుంచి చివరి కాగితందాకా ఒకటే అంకె, అటూ ఇటూ కదలకుండా. అలాంటి వరస నేను వారానికి నలభై ఒక్కసార్లు చూస్తున్నాను. నలభై వాళ్ళవి, ఒకటి నాది.

"చూసి చెప్తానమ్మా," అన్నాను.

"పొద్దున్న మీ పెరుగు కాస్త ఇస్తావా? మాది పులిసిపోయింది," అన్నాను మళ్ళీ.

నీరజ ఆ ఏడుపులోనే నవ్వింది. "మీ దగ్గర తెచ్చుకున్నదేగా, మీకివ్వకపోతే ఎలాగండి. మీ తోడు ఏ వేళావిశేషమోగానీ, అట్టు కట్టినట్టు గడ్డగా తోడుకుంటందండి. మా వీధంతా ఇప్పుడు మా గిన్నె తోడే."

శనివారం పొద్దున ఆ పెరుగుని లాబులో పరీక్ష పళ్ళెం మీద పూసి పెట్టాను. ఆదివారం సెలవు, అయినా వెళ్ళాను. మూత తీయక్కర్లేకుండానే తెలిసిపోయింది. పళ్ళెం నిండా నీలం.

ఎలా బతికిందో కూడా ఆ రోజే అర్థమైంది. మేం నీలిని నాలుగేళ్ళూ ఒంటరిగా పెంచి చూశాం, శుభ్రమైన పాలలో, శుభ్రమైన సీసాలో. మా ఇళ్ళలో ఎవరైనా అలా తోడుపెడతారా? నిన్నటి గిన్నె అంచున మిగిలిందీ పక్కింటిదీ కలిపి వేస్తాం. నీరజ వాళ్ళ పెరుగు ఆమె అత్తగారి పుట్టింటి నుంచి తరాలుగా వస్తున్నదట. అందులోని పాత సూక్ష్మజీవులు నీలికి కావలసిన పోషకాన్ని తామే వండి పెట్టాయి. పొట్లం అక్కర్లేకుండా పోయింది. సీసాలు కడగడం వచ్చిన నాకూ, అంత చదివిన షహనాజ్‌కీ, చిన్నప్పటినుంచి పెరుగు తింటున్న మా అందరికీ ఈ ఒక్క సంగతి తట్టలేదు.

ఇక రెండో తప్పు. ప్రతి నెలా చివర్లో ఆడదాని ఒళ్ళు కావాలనే హార్మోనుని దించుతుంది. దిగితేనే ముట్టు వస్తుంది, వస్తేనే తరవాతి అండం కదులుతుంది. ఆ దిగడాన్ని నీలి లోటనుకుంది. వెంటనే నింపేసింది. ఎనిమిది నెలలు, ఒక్క చుక్క తగ్గనివ్వకుండా, ఎంతో శ్రద్ధగా.

సోమవారం షహనాజ్‌కి పళ్ళెం చూపించాను. చాలాసేపు దాన్ని వెలుతురుకేసి తిప్పుతూ ఉండిపోయింది.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదండి."

"చివరి నివేదికకి ఐదు వారాలుంది హైమగారూ. ఇప్పుడిది బయటపడితే పరీక్ష ఆగిపోతుంది. మళ్ళీ ఎవరూ అనుమతి ఇవ్వరు. మా అమ్మకి యాభై ఎనిమిదికే ఎముకలు గుల్లయిపోయి, బాత్రూంలో కాలు జారితే తుంటి విరిగింది. మరి లేవలేదు. నాకు మీ నిద్రా కావాలి, ఆ తుంటీ కావాలి." గొంతు తగ్గించింది. "వాళ్ళ గిన్నె మీరే మార్చెయ్యండి. ఏదో గొంతునొప్పికని వారం రోజులు మందు మింగించండి, పేగులో ఉన్నది చచ్చిపోతుంది. రెండు నెలల్లో ఆమె మామూలైపోతుంది. ఎవరికీ తెలియక్కర్లేదు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. సాయంత్రం రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను, మళ్ళీ లోపలికొచ్చాను, మళ్ళీ తలుపు దగ్గరికి. చెబితే నా ఉద్యోగం పోతుంది. అది పోనీ. నా గిన్నె పోతుంది, నా నిద్ర పోతుంది, ఆ పరాయి మనిషి మళ్ళీ నా ఒంట్లోకి దిగుతుంది. చెప్పకపోతే గురువారం నీరజ వెళ్ళి, తన ఒంట్లో తన బిడ్డ పుట్టే యోగం లేదని ఒప్పుకుంటూ సంతకం పెట్టి వస్తుంది. జీవితాంతం అదే నిజమనుకుని బతుకుతుంది. గిన్నె మార్చి ఊరుకుంటే ఆ గురువారం ఆగదు.

రైలు దిగి తిన్నగా వాళ్ళ వాటాకి వెళ్ళాను. నీరజ వరండాలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. పక్కన నిలబడే చెప్పాను. కూర్చుంటే మనసు మారుతుందేమోనని భయం. మొత్తం చెప్పాను, గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగిన సంగతి కూడా.

ఆమె చెక్కు తియ్యడం ఆపలేదు. చెక్కు అయిపోయాక కండ కూడా తీస్తోంది. చేతిలో గింజలు మిగిలాక ఆగింది.

"ఎప్పట్నించి తెలుసండి మీకు?"

"శుక్రవారం అనుమానం వచ్చింది. నిన్న తేలింది."

"శుక్రవారం. నేను ఏడుస్తా మీ ఇంటికొస్తే మీరు పెరుగన్నం పెట్టేరు."

అప్పటికి తెలియదమ్మా అనొచ్చు. కాగితాలు చూడకముందు పెట్టాను కాబట్టి అది నిజమే. కానీ ఆ నిజం ఆమెకెందుకు?

"నాకు తిరిగొస్తుందా?"

"రావాలి. మందు వాడి, ఇది మానేస్తే రావాలి. ఖాయంగా చెప్పలేను. ముప్పై ఎనిమిదేళ్ళకి ఎనిమిది నెలలంటే ఎక్కువే."

నీరజ లేచింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనిపించింది.

"నాకు చెప్పడం కాదు. లోపలికొచ్చి మా అత్తగారికి చెప్పండి, ఆయనకి చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క వదలకుండా. గురువారం ఆ డాక్టరమ్మకి కూడా చెప్పాలి."

నీరజ భర్త సతీష్ అప్పుడే స్నానం చేసి వచ్చాడు. అత్తగారు పాపాయమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. నేను చెబుతున్నంతసేపూ నీరజ గుమ్మానికి ఆనుకుని నా మొహమే చూస్తూ నిలబడింది. నేనెక్కడ మాట మింగుతానో అని కాపలా కాస్తున్నట్టుంది.

విన్నాక పాపాయమ్మ నూనె గిన్నె కింద పెట్టింది. "అయితే మా కోడలిది లోపం కాదంటావా?"

"కాదండి. లోపం నాది."

"మరి నాకు ఈమధ్య రాత్రుళ్ళు మంటలు తగ్గి సుఖంగా నిద్ర పడుతోంది. అదీ నీ పెరుగేనా?"

"అదే అయ్యుంటుందండి."

పాపాయమ్మ కోడలికేసి చూసింది. తల వంచుకుని మళ్ళీ మోకాలు పట్టుకుంది. సతీష్ తడి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళి భార్య పక్కన గుమ్మంలో నిలబడ్డాడు. "లోపలికి రా నీరూ," అన్నాడు. ఆమె కదల్లేదు.

మర్నాడు వీధి సంగతి. నీరజ ఎవరెవరికి తోడిచ్చిందో, వాళ్ళెవరికిచ్చారో కూడదీస్తే పదిహేడు ఇళ్ళు తేలాయి. పెరుగు మరిగించి పారబొయ్యాలి, గిన్నెలు ఉడకబెట్టాలి, అందరూ మందు మింగాలి. మగవాళ్ళకేమీ కాలేదు, పరీక్ష చేయించి మరీ చూశాం. వాళ్ళకెప్పుడూ ఏమీ కాదు. నడివయసు ఆడవాళ్ళ దగ్గరే చిక్కొచ్చింది. వాళ్ళకి నీలి మేలే చేసింది. తొమ్మిదో ఇల్లు టైలరింగ్ చేసే నాగరత్నానిది. ఆవిడకి యాభై. గిన్నెని కడుపుకి అదుముకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవ్వను. ఆరు నెల్లయ్యిందండి నేను మనిషినయ్యి. అంతకుముందు మిషను మీద కూర్చుంటే చెమట కారి బట్ట పాడయ్యేది. కత్తెర పుచ్చుకుని మా పిల్ల మీదకి విసిరేసేనండి ఒకసారి. తెలుసా మీకు?"

తెలుసు. నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ గిన్నె లాక్కునే అర్హత నాకెక్కడిది?

నాతో ఇంటింటికీ వస్తున్న నీరజే ముందుకొచ్చింది. "మీ సంధ్యకి పెళ్ళయ్యి ఎన్నాళ్ళయ్యిందండి?"

"మూణ్ణెల్లు."

"వారం వారం మీ దగ్గరికొస్తది కదా. వెళ్తా వెళ్తా తోడు పట్టుకెళ్ళిందా?"

నాగరత్నం అడ్డు తొలిగింది. వంటింట్లోకి నడిచి, స్టవ్వు తనే వెలిగించి గిన్నె పెట్టింది. అది పొంగి విరిగేదాకా అక్కడే నిలబడింది. పద్దెనిమిదో ఇల్లు జగ్గంపేటలో సంధ్య అత్తవారిది. కూతురికి ఫోన్ చేస్తూ ఏడ్చింది.

నా గిన్నె ఆఖర్న మరిగించాను. మరుగుతున్న పెరుగు వాసన భరించరానిది. మా ఆయన "కొంచెం ఉంచుకోవే, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆయన నా నిద్ర గురించి దిగులుపడ్డం అదే మొదటిసారి చూశాను. మొత్తం పారబోశాను.

గురువారం ఆస్పత్రికి వెళ్ళి ఆ డాక్టరమ్మకీ అంతా చెప్పాను. సంతకాలు వాయిదా పడ్డాయి. షహనాజ్ ఎవరిమీదా నెపం పెట్టకుండా తనే నివేదిక రాసి పరీక్ష ఆపేసింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు, తియ్యాల్సిందే. వచ్చేస్తుంటే షహనాజ్ గేటుదాకా వచ్చింది. "మళ్ళీ మొదలుపెడతాను. ఈసారి ఇళ్ళల్లోని పెరుగులన్నీ తెచ్చి కలిపి చూస్తాను," అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నలభైమందికీ తనే ఫోన్ చేసి చెప్పిందట. టీచరుగారు ఏమందని నేను అడగలేదు.

పదో రోజుకి సెగలు మళ్ళీ మొదలయ్యాయి. పదిహేనో రోజుకి నిద్ర పూర్తిగా పోయింది. ఇంట్లో ఒకచోట నిలవలేను. సరుకుల డబ్బాలన్నీ దించి తుడిచి మళ్ళీ ఎక్కించేదాన్ని, ఎక్కించినవి నచ్చక మళ్ళీ దించేదాన్ని. చెవి మాత్రం కింది వాటా మీదే ఉండేది. నీరజ నాతో మాట్లాడ్డం మానేసింది. మెట్ల దగ్గర ఎదురుపడితే గోడవైపు తిరిగేది. ఆమె నడకని బట్టి, బట్టలు ఆరేసిన తీరుని బట్టి ఏమైనా తెలుస్తుందేమోనని చూసేదాన్ని. నా ఒంటి గురించి కూడా నేనెప్పుడూ అంత కనిపెట్టుకుని ఉండలేదు.

ఇరవై ఆరో రోజు పొద్దున ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే నీరజ. తల దువ్వుకోలేదు, చెప్పులు కూడా లేవు.

"వచ్చిందండి," అంది.

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. తలుపు పట్టుకుని ఏడ్చాను. దాచుకోవడం దేనికి, అందులో సంతోషం ఒక్కటే లేదు. ఈమె ఒళ్ళు ఈమెకి తిరిగొచ్చింది, నాది రాదు అనే దుగ్ధ కూడా ఉంది. ఆ పాడు బుద్ధికి ఇంకాస్త ఏడ్చాను.

నీరజ నా తడి జాకెట్టు, నుదుటికి అంటుకున్న జుట్టు చూసింది. "రాత్రి పడుకోలేదాండి?"

"లేదు."

"ఎన్నాళ్ళనించి?"

"పది పన్నెండు రోజులయ్యుంటుంది."

జాలిపడలేదు, పడాలని నేనూ అనుకోలేదు.

"ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు మీకే చెప్పాలనిపించింది. అదేంటో నాకే తెలీదు. మిమ్మల్ని క్షమించేసి మాత్రం కాదండి."

"తెలుసమ్మా."

"మొదటిరోజే రమ్మన్నారు, ఏదో స్కానింగ్ ఉందంట. ఆయనకి డ్యూటీ. మీరు రావాలి."

"వస్తాను."

"ఇవాళొక్కరోజు కాదు. ప్రతి నెలా రావాలి. నాకు కడుపు నిలిచేదాకా."

"వస్తాను."

మెట్లు రెండు దిగి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నిలవకపోయినా రావాలి," అంది.

నేను చీర మార్చుకోడానికి లోపలికి వెళ్ళాను.